బస్‌స్టాప్ దాకా పదిహేను నిమిషాలు: చలిలో పిల్లల చర్మం ఎంతసేపు ఆగుతుంది?

సిద్దిపేట జిల్లా ములుగులో బడికి నడిచి వెళ్లే పిల్లకు ఫ్రాస్ట్‌బైట్ (చలికి చర్మం గడ్డకట్టడం) వచ్చే అవకాశం ఎంత? సున్నా. లెక్క అలాగే తేలుతుంది. పొడిగా ఉన్న చర్మం గడ్డకట్టాలంటే చుట్టూ ఉన్న గాలి దాదాపు మైనస్ 5 డిగ్రీల సెల్సియస్‌కు దిగాలి. ములుగుకు దగ్గరి మహానగరం హైదరాబాద్‌లో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీలు. ఆ రికార్డుకూ చర్మం గడ్డకట్టే హద్దుకూ మధ్య ఇంకా 11 డిగ్రీల దూరం ఉంది.

మరి ములుగు వాళ్లకు ఈ లెక్కతో పనేమిటి? రాజీవ్ రహదారి వెంట గజ్వేల్, ములుగు, సిద్దిపేట ప్రాంతాల్లో కొడుకో కూతురో అమెరికాలోనో కెనడాలోనో ఉన్న ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఆర్నెల్ల కోసం వెళ్లిన తాత, నాయనమ్మ, అమ్మమ్మల మీదే అక్కడ ఒక పని పడుతుంది. అమ్మానాన్నలు ఆఫీసుకు వెళ్లాక పిల్లను స్కూల్ బస్సు ఎక్కించడం, సాయంత్రం మళ్లీ తీసుకురావడం. డెబ్బై ఏళ్లు ఎండను చదివిన కళ్లకు ఆ చలి అంత తొందరగా అర్థం కాదు. ములుగులో ఇగం పెట్టినప్పుడు ఒళ్లు వణికి, పళ్లు కటకటలాడి చెబుతుంది. మైనస్ 25లో చెక్కిలి ఏమీ చెప్పదు. మొదట మంట పుడుతుంది, తర్వాత తిమ్మిరెక్కుతుంది, ఆ తర్వాత నొప్పే తెలియదు. పిల్ల ఏడుపు మానేసిందంటే చలి తగ్గిందనుకుంటాం. అక్కడ అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది.

ఫోన్లోనే ఒక పొరపాటు జరుగుతుంటుంది. షికాగోలో ఉన్న కూతురు "ఈ రోజు పది డిగ్రీలమ్మా" అంటుంది. ములుగులో ఉన్న తల్లి, తమ ఊరి చలికాలపు తెల్లవారుజాము లాంటిదే అనుకుంటుంది. ఆ పది ఫారెన్‌హీట్‌లో చెప్పిన పది. 32 తీసేసి, మిగిలినదాన్ని 5తో గుణించి 9తో భాగిస్తే మైనస్ 12 సెల్సియస్ వస్తుంది. అమెరికా వాళ్లు మైనస్ 20 అంటే మన కొలతలో మైనస్ 29. కెనడాలో ఉన్నవాళ్లు మైనస్ 20 అంటే మైనస్ 20 అనే అర్థం, అక్కడ సెల్సియస్ వాడతారు. రెండు కొలతలూ ఒకేలా పలికే చోటు ఒక్కటే, మైనస్ 40. కాబట్టి ఏ అంకె విన్నా ముందు అది ఏ కొలతలోనిదో అడగాలి.

గాలి సంగతి

ఉష్ణోగ్రత ఒక్కటే తెలిస్తే సరిపోదు. మన ఒంటి చుట్టూ వెచ్చని గాలి పొర ఒకటి పలచగా అంటుకుని ఉంటుంది. గాలి వీస్తే అది చెదిరిపోతుంది. శరీరం మళ్లీ వేడి చేసుకుంటుంది, గాలి మళ్లీ పట్టుకుపోతుంది. ఈ నష్టాన్ని అంకెల్లో పట్టుకోవాలని మొదట చూసినవాళ్లు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అమెరికన్లు. అంటార్కిటికాలో ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి, ఏ గాలికి ఎంతసేపట్లో గడ్డకడతాయో చూశారు. 1945లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మనిషి ముఖం నీళ్ల గొట్టం కాదు కనుక వాళ్ల లెక్క చలిని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపేది. 2001లో అమెరికా, కెనడా వాతావరణ శాఖలు కలిసి కొత్త సూత్రం తయారు చేసుకున్నాయి. టొరంటోలోని రక్షణ పరిశోధన సంస్థలో 12 మంది పెద్దవాళ్లను, ఆరుగురు మగవాళ్లు, ఆరుగురు ఆడవాళ్లు, చల్లటి గాలి సొరంగంలో ట్రెడ్‌మిల్ మీద నడిపించి, ముఖానికి సెన్సర్లు అంటించి కొలిచారు. ఇవాళ ఫోన్‌లో కనిపించే విండ్‌చిల్ (గాలి కలిస్తే చర్మానికి తెలిసే చలి) అంకె ఆ పన్నెండు ముఖాల నుంచి వచ్చింది. వాళ్లలో పిల్లలెవరూ లేరు. ఈ సంగతి గుర్తుంచుకుని ముందుకు వెళ్దాం.

సూత్రం ఇది. గాలి వేగాన్ని గంటకు కిలోమీటర్లలో తీసుకుని 0.16 ఘాతానికి లెక్కించాలి. వచ్చిన అంకెను "గ" అనుకుందాం.

విండ్‌చిల్ = 13.12 + (0.6215 × ఉష్ణోగ్రత) − (11.37 × గ) + (0.3965 × ఉష్ణోగ్రత × గ)

ఉష్ణోగ్రత మైనస్ 20, గాలి గంటకు 20 కిలోమీటర్లు అనుకోండి. 20కి 0.16 ఘాతం 1.615. సూత్రంలో వేస్తే మైనస్ 30 వస్తుంది. అదే మైనస్ 20లో గాలి 5 కిలోమీటర్లే ఉంటే మైనస్ 24, 40 కిలోమీటర్లు ఉంటే మైనస్ 34. థర్మామీటరు కదలకపోయినా గాలి ఒక్కటే పది డిగ్రీల తేడా తెచ్చింది.

ఈ సూత్రాన్ని ములుగుకూ వాడవచ్చు. 10 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతలకు ఇది పనిచేస్తుంది. జనవరి తెల్లవారుజామున 8 డిగ్రీలు ఉందనుకుందాం. బండి మీద ముందు ట్యాంకు పైన పిల్లవాణ్ని కూర్చోబెట్టుకుని 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఆ ముఖానికి తగిలే చలి దాదాపు 3 డిగ్రీలతో సమానం. పిల్లవాడికి కళ్ల వెంట నీళ్లు కారతాయి, వేళ్లు కొయ్యబారతాయి. చర్మం మాత్రం గడ్డకట్టదు. గాలి ఎంత వీచినా తడి లేని ఏ వస్తువునూ దాని చుట్టూ ఉన్న గాలి ఉష్ణోగ్రత కంటే చల్లగా చేయలేదు, వేడిని తొందరగా లాగేస్తుందంతే. 8 డిగ్రీల గాలిలో చెక్కిలి ఎంతసేపున్నా 8 కంటే దిగదు. మంకీ క్యాప్, చేతి తొడుగులు, ట్యాంకు మీద బదులు వెనకాల ఇద్దరి మధ్య కూర్చోబెట్టడం, ఇంత చాలు.

ములుగు చలికి నిజంగా భయపడాల్సినది పసిగుడ్డు విషయంలో. పుట్టిన బిడ్డ ఒంటి వేడి 36.5 డిగ్రీల కంటే తగ్గితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని హైపోథర్మియా కిందే లెక్కిస్తుంది, 32 కంటే తగ్గితే తీవ్రమైనది అంటుంది. అందుకు మైనస్‌లు అక్కర్లేదు, తడి బట్టలో ఉంచిన అరగంట చాలు. బాలింత గదిలో తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు అంతకంటే ప్రమాదం. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బిడ్డకు తల్లి ఒంటి వేడిని మించిన కుంపటి లేదు.

నిమిషాల లెక్క

ఇక అసలు ప్రశ్న. బయట ఎంతసేపు ఉండవచ్చు? కెనడా వాతావరణ శాఖ హద్దులు ఇలా గీసింది. విండ్‌చిల్ మైనస్ 10 నుంచి మైనస్ 27 వరకు ఉంటే ఒక మాదిరి ప్రమాదం, సరైన బట్టలతో తిరగవచ్చు. మైనస్ 28 నుంచి మైనస్ 39 వరకు, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. మైనస్ 40 నుంచి మైనస్ 47 వరకు 5 నుంచి 10 నిమిషాలు. మైనస్ 48 దాటితే 2 నుంచి 5. మైనస్ 55కు దిగితే రెండు నిమిషాల లోపే. అమెరికా వాతావరణ శాఖ తన కొలతల్లో చెప్పేదీ ఇదే. సున్నా ఫారెన్‌హీట్, గంటకు 15 మైళ్ల గాలి కలిస్తే విండ్‌చిల్ మైనస్ 19 ఫారెన్‌హీట్, 30 నిమిషాల్లో చర్మం గడ్డకట్టవచ్చు అంటుంది. మార్చి చూస్తే అది మన మైనస్ 28. రెండు దేశాలూ ఒకే గీత దగ్గర నిలబడ్డాయి.

ఇంకాస్త కచ్చితంగా కావాలంటే కెనడా వాళ్లదే మరో సూత్రం ఉంది. అందరిలోకీ తొందరగా దెబ్బతినే 5 శాతం మందికి కప్పుకోని చెక్కిలి ఎన్ని నిమిషాల్లో గడ్డకడుతుందో చెబుతుంది. గంటకు 25 కిలోమీటర్లకు పైబడిన గాలికి దీన్ని వాడతారు. గాలి వేగాన్ని 0.667తో గుణించి, నడక వేగంగా 4.8 కలిపి, మొత్తాన్ని 24.5తో గుణించి, 2111 లోంచి తీసేయాలి. తర్వాత, ఉష్ణోగ్రత మైనస్ 4.8 కంటే ఎన్ని డిగ్రీలు కిందికి ఉందో ఆ అంకెను 1.668 ఘాతానికి లెక్కించి దానితో భాగించాలి. ఆ మైనస్ 4.8 ఎక్కడిదంటే, చర్మంలోని నీరు సున్నా దాటగానే గడ్డకట్టదు, కొంత కిందికి దిగాకే గడ్డకట్టడం మొదలవుతుంది. గాలి మైనస్ 4.8 కంటే వెచ్చగా ఉంటే ఈ సూత్రానికి జవాబే ఉండదు. ములుగుకు సున్నా అన్నది ఇందుకే.

ఒక ఉదయాన్ని లెక్కవేద్దాం. మనవరాలికి ఆరేళ్లు. మన దగ్గర విద్యాహక్కు చట్టం నిబంధనల్లో ప్రాథమిక బడికి పెట్టిన దూరమే, ఒక కిలోమీటరు, అక్కడా నడవాలనుకుందాం. ఆ వయసు పిల్ల బరువైన బూట్లతో గంటకు 4 కిలోమీటర్లు నడిస్తే 15 నిమిషాలు. ఉష్ణోగ్రత మైనస్ 22, గాలి 30 కిలోమీటర్లు. విండ్‌చిల్ మైనస్ 35. నిమిషాల సూత్రంలో వేస్తే 13 వస్తుంది. నడక 15 నిమిషాలు, చర్మానికి ఉన్నది 13. గాలికి ఎదురుగా, చెక్కిళ్లు కప్పకుండా ఈ నడక నడవకూడదు.

ఆ 13 కూడా పెద్దవాళ్ల 13. పిల్లల సంగతి వేరు. 115 సెంటీమీటర్ల ఎత్తు, 20 కిలోల బరువున్న ఆరేళ్ల పిల్ల ఒంటి పైచర్మం వైద్యులు వాడే మోస్టెల్లర్ సూత్రం ప్రకారం 0.8 చదరపు మీటర్లు. కిలో బరువుకు 400 చదరపు సెంటీమీటర్లు. 170 సెంటీమీటర్లు, 70 కిలోల పెద్దమనిషికి కిలోకు 260 మాత్రమే. అంటే తన బరువుతో పోల్చితే పిల్లకు ఒకటిన్నర రెట్లు చర్మం, అంత మేర వేడి పోయే దారి. గ్లాసులో చాయ్ కంటే సాసర్‌లో పోసిన చాయ్ ముందు చల్లారినట్టే. ఒళ్లు చల్లబడగానే శరీరం గుండెను, మెదడును కాపాడుకోవడానికి వేళ్లకు, చెవులకు, ముక్కుకు రక్తం తగ్గిస్తుంది. ఫ్రాస్ట్‌బైట్ మొదట పట్టేది వాటినే. దీనికి తోడు పిల్లలు ఆటలో పడి చలిని పట్టించుకోరు, చెప్పడం తెలియదు. అందుకే నా సలహా ఒకటే. సూత్రం ఇచ్చిన నిమిషాలను పిల్లలకు సగానికి సగం తగ్గించుకోండి. 13 వస్తే 6 అనుకోండి. ఈ సగం ఏ శాఖ పెట్టిన నిబంధనా కాదు, నేను వేసుకునే జాగ్రత్త. విండ్‌చిల్ మైనస్ 27, 28 దగ్గరికి వచ్చాక పిల్లలను బయట ఆడనివ్వవద్దని కెనడా పిల్లల వైద్యుల సంఘమూ చెబుతోంది.

ఇంకో సంగతి, లెక్కలో నడక ఒక్కటే ఉండకూడదు. బస్‌స్టాప్‌లో నిలబడే సమయమూ కలపాలి. నడిచేటప్పుడు కండరాలు కొంత వేడి పుట్టిస్తాయి, నిలబడితే అదీ ఉండదు. ఆరు నిమిషాలు నడిచి, ఆలస్యమైన బస్సు కోసం పది నిమిషాలు నిలబడితే అది పదహారు నిమిషాల చలి. బస్సు ఎక్కడుందో ఫోన్‌లో చూపే స్కూళ్లు ఉన్నాయి. లేకపోతే కిటికీలోంచి బస్సు మలుపు తిరగడం చూసి తలుపు తీయండి.

అలాగని శీతకాలమంతా భయపడి ఇంట్లో కూర్చోనక్కర్లేదు. తెలుగువాళ్లు బాగానే ఉన్న మినియాపొలిస్‌లో జనవరి సగటు కనిష్ఠం మైనస్ 13 దగ్గర ఉంటుంది. దానికి 20 కిలోమీటర్ల గాలి కలిపితే విండ్‌చిల్ మైనస్ 22. మామూలు జనవరి ఉదయం మైనస్ 28 గీత దాకా రాదు. సరిగ్గా కప్పుకున్న పిల్ల పదిహేను నిమిషాలు నడవవచ్చు, నడవాలి కూడా. గీత దాటే రోజులు వేరు. 2014 జనవరి 6న చలి కారణంగా మినియాపొలిస్ ఉన్న మినెసోటా రాష్ట్రపు అప్పటి గవర్నరు మార్క్ డేటన్ అక్కడి ప్రభుత్వ బడులన్నిటికీ సెలవిచ్చారు. 2019 జనవరి 30న షికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 31 సెల్సియస్‌కు పడిపోయింది, విండ్‌చిల్ మైనస్ 47 దాకా వెళ్లింది. పైన చెప్పిన హద్దుల్లో చూస్తే 5 నుంచి 10 నిమిషాలు. ఆ రోజూ మర్నాడూ అక్కడి ప్రభుత్వ బడులు మూతపడ్డాయి.

గుజరాత్‌లోని డింగుచా ఊరి కుటుంబం కథ చాలామంది చదివే ఉంటారు. 2022 జనవరి 19న కెనడాలోని మానిటోబాలో, అమెరికా సరిహద్దుకు కొద్ది మీటర్ల దూరంలో ఆ ఇంటి నలుగురి మృతదేహాలు దొరికాయి. పిల్లల్లో ఒకరికి పదకొండేళ్లు, ఒకరికి మూడేళ్లు. ఆ రాత్రి విండ్‌చిల్ మైనస్ 35 ప్రాంతంలో ఉంది. మనం పైన వేసిన ఉదాహరణ అంకే అది. వేళ్లు, చెవులు పోవడం ఫ్రాస్ట్‌బైట్. ప్రాణం పోవడం హైపోథర్మియా, అంటే ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే పడిపోయి ఇంకా దిగుతూ ఉండటం. అదే అంకె దగ్గర పదమూడు నిమిషాలకు చెక్కిలి, గంటలు గడిస్తే ప్రాణం.

ఎండల్లో పెరిగిన మన పిల్లలు చలికి తట్టుకోలేరన్న మాట కూడా నిజం కాదు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెతో పాటు అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ పొందాకే వాళ్లను పైకి పంపారు. పుట్టిన ఊరి వాతావరణం కంటే ఒంటి మీది బట్టలు, నేర్చుకున్న జాగ్రత్త, చూసుకున్న సమయం ముఖ్యమని ఆ ఇద్దరు పిల్లలు చూపించారు.

ఏం తొడగాలి, ఏం తీసేయాలి

బట్టల విషయంలో మన అలవాట్లు కొన్ని అక్కడ ఎదురు తిరుగుతాయి. మొదటిది కొబ్బరినూనె. చలికి పిల్ల ముఖం పగలకుండా పట్టించి పంపుతాం. చర్మం పొడిబారకుండా అది పనికొస్తుంది. ఫ్రాస్ట్‌బైట్‌ను మాత్రం ఆపదు. ఫిన్లాండ్ సైనికుల మీద జరిగిన అధ్యయనాల్లో ముఖానికి క్రీములు, లేపనాలు రాసుకున్నవాళ్లకు రక్షణ దొరకకపోగా ముఖం, చెవులు దెబ్బతినడం ఎక్కువగా కనిపించింది. నూనె రాశామన్న ధీమాతో మఫ్లర్ మరిచిపోతే అసలుకే మోసం.

రెండోది నగలు. ఆడపిల్లల చెవులకు కమ్మలు, కాళ్లకు పట్టీలు. లోహం వేడిని తొందరగా లాగుతుంది, చెవి తమ్మె మామూలుగానే తొందరగా గడ్డకట్టే చోటు. మైనస్ 20 రోజున కమ్మలు తీసి పెట్టండి. బిగుతైన పట్టీ మీద సాక్స్ తొడిగితే రక్తప్రసరణకూ అడ్డు. సాక్స్ రెండు జతలు తొడిగి బూటు బిగించడమూ ఇదే తప్పు. వేళ్లు కదిలేంత చోటు ఉంటేనే పాదం వెచ్చగా ఉంటుంది.

మూడోది తడి. ఒంటి వేడిని నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. మంచులో ఆడి తడిసిన గ్లోవ్స్ ఉన్నా లేనట్టే, పైగా హాని. నూలు సాక్స్ చెమటకు తడిసి అలాగే ఉంటాయి, ఉన్ని మేలు. వేళ్లు విడివిడిగా ఉండే గ్లోవ్స్ కంటే నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిటెన్స్ వెచ్చన. బ్యాగులో పొడి జత ఒకటి పెట్టి పంపండి. ముక్కు మీది మఫ్లర్ ఊపిరికి తడిస్తే తిప్పి పొడి వైపు కట్టాలి.

గడ్డకట్టడం మొదలైన చోటు ఎలా కనిపిస్తుంది? ఎర్రబారుతుందని పుస్తకాలు తెల్లచర్మాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తాయి. మన రంగు చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు. ఆ చోటు చుట్టుపక్కల కంటే పాలిపోయి, బూడిద రంగులోనో పసుపు ఛాయలోనో, మైనం పూసినట్టు గట్టిగా ఉంటుంది. తాకితే పిల్లకు స్పర్శ తెలియదు. ప్రతి అయిదు నిమిషాలకోసారి ముక్కు కొస, చెవి తమ్మె తాకి "తెలుస్తోందా" అని అడగండి.

తెలియడం లేదంటే వెంటనే లోపలికి. అప్పుడు ఆ చోటును రుద్దకండి, గడ్డకట్టిన కణాలు రాపిడికి చితికిపోతాయి. హీటరు ముందో పొయ్యి ముందో పెట్టకండి, స్పర్శ లేని చర్మం కాలినా పిల్లకు తెలియదు. చెక్కిలి మీద మీ వెచ్చని అరచేయి కదపకుండా ఆనించండి, వేళ్లను చంకలో పెట్టుకోండి. రంగు, స్పర్శ తొందరగా తిరిగి వస్తే అది పైపై దెబ్బే. రాకపోతే ఆ చోటును 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో అరగంట దాకా ఉంచాలి. బిడ్డకు స్నానం చేయించేముందు మోచేయి ముంచి చూసే వేడి అది, అంతకు మించకూడదు. వేడెక్కుతున్నప్పుడు పిల్ల నొప్పికి ఏడుస్తుంది, రక్తం తిరిగి వస్తున్న నొప్పి అది. మళ్లీ చలిలోకి వెళ్లాల్సి ఉంటే మాత్రం కరిగించవద్దు, కరిగి మళ్లీ గడ్డకడితే నష్టం మొదటిదానికంటే పెద్దది. బొబ్బలు లేచినా, చర్మం గట్టిగానే ఉండిపోయినా, పిల్ల మగతగా మాట్లాడినా 911కు ఫోన్ చేయండి. ఇంగ్లిష్ రాదని వెనకాడకండి, "తెలుగు" అన్న ఒక్క మాట చెబితే దుబాసీ కోసం వాళ్లే ప్రయత్నిస్తారు.

ఈ చలికాలం ములుగు నుంచి బయల్దేరుతున్న తాతలకూ నాయనమ్మలకూ, వాళ్లను పిలిపించుకుంటున్న కొడుకులకూ కూతుళ్లకూ ఒక విన్నపం. పెద్దవాళ్లు దిగిన మొదటి రోజే వాళ్ల ఫోన్‌లో వాతావరణాన్ని సెల్సియస్‌లోకి మార్చి పెట్టండి, విండ్‌చిల్ ఎక్కడ కనిపిస్తుందో చూపించండి, "మైనస్ 28 దాటితే నడక వద్దు, నాకు ఫోన్ చేయండి" అని తెలుగులో రాసి తలుపుకు అంటించండి.